ఖజానా వాసన

నేను చీరలకు గంజి పెట్టి రోలింగ్ చేసేదాన్ని. ధర్మవరంలో మా సందు మొదట్లో నిలబడి రోలింగ్ ఆమె ఇల్లు యాడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. పెండ్లినాడు కట్టి, పెట్టె అడుగున పడేసి, పదేండ్ల తర్వాత బయటికి తీసిన పట్టుచీర నా దగ్గరికి తెస్తే మూడు దినాల్లో మగ్గం మీద నుంచి అప్పుడే కోసినట్ల చేసి చేతిలో పెడతా. నా పని మీద నాకు శానా గర్వం. అణకువగా మాట్లాడేది నాకు చాతగాదు, నేర్చుకునే వయసూ దాటిపోయింది. ఆ గర్వాన్నే పట్టుకొని ఒకడు నన్ను దొంగను చేసినాడు. వాని సంగతి రాయకపోతే నాకు అన్నం సయించేటట్ల లేదు, అందుకే రాస్తాండా.

వాని కన్నా ముందు మా నాయన సంగతి చెప్పాల. నాయన గుంతకల్లు స్టేషన్లో టికెట్లిచ్చే కౌంటర్లో కూర్చోని రిటైరైనాడు. ఇప్పుడు ఆ ఊర్లోనే మా తమ్ముని ఇంట్లో ఉండాడు. కొలువులో ఉన్నన్నాళ్ళూ నోట్లు పట్టుకున్న మనిషికి నోట్ల మీద పిచ్చి పట్టింది. కూడబెట్టే పిచ్చి కాదు, చూసుకునే పిచ్చి. కౌంటర్లోకి వింత నోటు వస్తే దాని బదులు తన జేబులోది పెట్టి దాన్ని ఇంటికి తెచ్చేవాడు. అందులోనూ ఒక్క రూపాయి నోట్లంటే ప్రాణం. ఆఫీసరు మారినప్పుడల్లా నోటు మీద సంతకం మారుతాది గదా, ఒక్కో సంతకానికి ఒక్కో నోటు ఆల్బంలో వరసగా పెట్టి, కింద అట్టముక్క మీద తన గుండ్రటి అక్షరాలతో ఉన్నదున్నట్ల చీటీ రాసేవాడు. నడిమికి మడత. మూల చినిగినది. నూనె మరక. మంచిదని మాత్రం యాడా రాయడు. నేను చిన్నప్పుడు అడిగినా, యాల నాయనా వంకలన్నీ రాస్తావు, బాగుండాదని రాస్తే ఏం పోతాదని. చూసేవాళ్ళకు కండ్లుండాయి గదా పాపా, అన్నాడు.

ఆ ఆల్బంలో ఒక్క గడి ఖాళీగా ఉండె. అందులో ఉండాల్సిన నోటు నాయన చేతికొచ్చి పోయింది. కౌంటర్లో కూర్చున్న కొత్తలో ఎవరో బళ్ళారి పోయే ఆయనకు చిల్లర కింద ఇచ్చేసినాడంట. అదేందో ఆయనకు తెలిసేటప్పటికి రైలు పోయి ఏండ్లయింది. ఆ నోటు కోసం ఆయన వెతకని సంత లేదు, అడగని అంగడి లేదు. అదొచ్చి గడిలో కూర్చుంటే ఇంక నాకేం వద్దు అంటాండె. మేము నవ్వుతాంటిమి.

ఇంకొక మాట. అన్నేండ్ల కొలువులో ఒక్క దొంగనోటు గూడా నాయన చేతి కింద దాటిపోలేదు. ఇప్పటికీ గుంతకల్లులో ఎవరికి నోటు మీద అనుమానమొచ్చినా మా తమ్ముని ఇంటికే తెస్తారు. నాయన కండ్లలో పొర వచ్చింది, అయినా వేళ్ళతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకొని, ఇది మంచిది, ఇది చెడ్డది అని చెప్పేస్తాడు. ఆయన మాటకు తిరుగులేదు. పొలం లేదు, పుట్ర లేదు, ఆ పేరొక్కటే ఆయన సంపాదన. ఆ పేరు పోతే మా నాయన పోయినట్లే అని నేను అనుకునేదాన్ని.

ఇంక వాడు. పోయిన ఎండాకాలం ఒకనాడు పొద్దున్నే మా వాకిట్లో దిగినాడు. ముప్పై ఐదేండ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతికి వెండి కడియం, నోట్లో చక్కెర. అక్కా అని పిలిచినాడు. అట్ట కవరులో నుంచి పాత నోట్లు తీసి మంచం మీద పరిచినాడు. రూపాయివి, రెండు రూపాయలవి, అన్నీ మాసి, మడతలు పడి, అంచుల్లో బెజ్జాలు పడి ఉండాయి. పెండ్లిళ్ళకు పాత నోట్లతో దండలు కట్టిస్తానని, ఫ్రేములు చేసి బహుమానాలకు అమ్ముతానని చెప్పినాడు. చీరలకు చేసినట్ల వీటికి గూడా రోలింగ్ చేస్తావా అక్కా అన్నాడు. కాగితానికి రోలింగ్ ఏమప్పా, నీకేమన్నా పిచ్చా అంటే, నీ చేతిలో కాకపోతే ఈ జిల్లాలో ఇంకెవరి చేతిలోనూ కాదులే అని లేచినాడు. నేను కూర్చో అన్నా. చూడండి, అంత సులభంగా పడిపోయినా.

ఆ వారం నేను ఆ నోట్లకు చేసిన సేవ నా పెండ్లి చీరకు గూడా చేసిండను. కుంకుడు రసం బాగా పలచన చేసి అందులో ముంచి తీసినా. నీళ్ళు మూడు దినాలకొకసారి వచ్చే ఊర్లో రెండు బిందెల నీళ్ళు వాటికే పోసినా. నీడన ఆరబెట్టి, సగ్గుబియ్యం గంజి తేట దూదితో అద్దినా. నా గంజిలో వట్టివేరు నానిన నీళ్ళు కలుపుతా. అది మా అత్త నేర్పించిన పని, ఊర్లో ఇంకెవరూ చేయరు. నేను చేసిన చీర ఏ ఇంట్లో విప్పినా ఆ వాసనకే ఇది ఫలానా ఆమె పని అంటారు. అట్ల గంజి పెట్టిన నోట్లను రెండు మల్లుగుడ్డల మధ్య పెట్టి రోలర్లలో తిప్పినా. మడత అన్నది యాడ ఉండిందో కనపడకుండా పోయింది. ఇంకా అంచుల్లో బెజ్జాలు మిగిలినాయి, కట్టలకు సూదులు కొట్టింటారు గదా, అవి. వాడు వాటి ఊసే ఎత్తలేదు. కానీ బెజ్జం కండ్లకు కనపడతాంటే నా చేతులు ఊరుకుంటాయా. అన్నం మెతుకు నూరి, కాగితం పొడి కలిపి, గోటితో ఒక్కో బెజ్జం పూడ్చినా. మళ్ళ వచ్చి వాడు ఒక్కో నోటూ తిప్పి తిప్పి చూసినాడు. అక్కా, నీ చేతులకు మొక్కాల అన్నాడు. నేను పొంగిపోయినా.

అట్ల నెలకొకసారి వస్తాండె. పది నోట్లకు ఒక చీర కూలి ఇస్తాండె. దండలు ఎట్ల వచ్చినాయప్పా, ఒకటి చూపించు అని ఒకసారి అడిగినా. ఈసారి తెస్తానక్కా అన్నాడు. తేలేదు. నేనూ మళ్ళ అడగలేదు. చీరలు తెచ్చేవాళ్ళను యాడికి కట్టుకొని పోతావమ్మా అని అడుగుతామా, ఇదీ అంతే అనుకున్నా.

చలికాలంలో నాయన ఫోన్ చేసినాడు. గొంతు చిన్నపిల్లోని గొంతు మాదిరి ఉండె. దొరికింది పాపా, అన్నాడు. ఏది దొరికిందని నేనడగలేదు, ఆయన గొంతులోనే తెలిసిపోయింది. ఫోన్లో పాతవి అమ్మే చోట కనపడిందంట. తమ్ముని భార్య చదివి చెప్తే తెప్పించుకున్నాడంట. దాని కింద ఏం రాసిందో అంతా నాకు అప్పజెప్పినాడు, అన్నీ నోటికి వచ్చేసినాయి ఆయనకు. అత్యంత అరుదు. దేశంలో ఇంకొకటి లేదు. ఖజానా కట్ట నుంచి నేరుగా తీసినది. చేతికి తగలనిది, సూది పడనిది. పాత ఖజానా వాసన కూడా పోలేదు. ఎంతకు కొన్నావు నాయనా అని గుచ్చి గుచ్చి అడిగినా. కంటికి మంచి లెన్సు వేయించుకోవాలని పక్కన పెట్టిన దుడ్లు మొత్తం పోసినాడు. సగం కన్నుతో చూసినా ఇది ముద్దుగానే ఉంటాదిలే, ఈ ఆదివారం వచ్చి చూసి పో అన్నాడు.

ఆదివారం పొద్దుటి రైలుకు గుంతకల్లు పోయినా. తమ్ముని భార్య ఉగ్గాని పెట్టింది. తింటాంటేనే నాయన ఆల్బం తెచ్చి ముందర పెట్టి, ప్లాస్టిక్ తొడుగులోంచి అప్పుడే మొదటిసారి నోటు బయటికి తీసి నా చేతిలో పెట్టినాడు. ముఖం దగ్గరికి తీసుకున్నా.

వట్టివేరు.

కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు పట్టి చూసినా. ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి రెండు చుక్కలు, కాగితం కన్నా రొంత తెల్లగా. నా గోటితో నేను పూడ్చిన బెజ్జాలు. ఇంకెవరికీ కనపడవు, నాకు కనపడతాయి. కన్నబిడ్డ ఒంటి మీద మచ్చ తల్లికి తెలీదా, అట్ల తెలిసింది. వెనక నాయన నిలబడి ఉండాడు. ఎట్ల ఉండాది పాపా అని అడిగినాడు. నేను ఆయన ముఖం చూడలేదు. బాగుండాది నాయనా అన్నా. ఔనా, అన్నాడు. నోటు తీసుకొని మళ్ళ గడిలో పెట్టినాడు. కింద చీటీ ఖాళీగా ఉండె. యాల రాయలేదు అంటే, రాస్తాలే అన్నాడు. ఆ పొద్దు మధ్యాహ్నమంతా ఆయన ఎక్కువ మాట్లాడలేదు. కండ్లు మంటగా ఉంటాయేమో అనుకున్నా. నేనెంత మొద్దునో చూడండి.

తిరుగు రైల్లో ఫోన్ తీసి ఆ అమ్మే చోటంతా వెతికినా. వాడు యాడబడితే ఆడ ఉండాడు. ఒక్కో నోటు బొమ్మ చూస్తాంటే నా పని నాకే కనపడతాండాది. ఇది ఎండాకాలంలో చేసింది, అంచున పసరు మరక తీయడానికి రెండు పూటలు పట్టింది. ఇది వినాయకచవితి ముందర చేసింది. కింద అన్నిటికీ ఒకటే పాట, ఒకే ఒక్కటి, చేతికి తగలనిది, సూది పడనిది. ఒకే ఒక్కటి అన్న నోటును మూడు చోట్ల మూడు ధరలకు పెట్టినాడు. నాయన నోటు తప్ప ఇవే నోట్లు మడతలతో ఉన్నవి వేరేవాళ్ళు వందల్లో అమ్ముతాండారు, వీడు వేలల్లో. పోనీ అదన్నా సహిస్తాను. ఖజానా వాసన అంట. మా అత్త చచ్చేముందు నా చెవిలో చెప్పిపోయిన వట్టివేరు నీళ్ళు వానికి ఖజానా వాసన అయిపోయింది. అది చదివినప్పుడు నా అరికాలి మంట నెత్తికెక్కింది. వాడు ఎదురుగా ఉంటే రైల్లోంచి తోసేసిందును. నేను మంచిదాన్నని యాడా చెప్పలేదు.

పోలీసుల దగ్గరికి పోతే నాయన పేరు బయటికొస్తాది. అన్ని దొంగనోట్లు పట్టిచ్చిన మనిషి చివరికి ఇట్ల మోసపోయినాడంట అని గుంతకల్లులో టీ అంగడి టీ అంగడికీ చెప్పుకుంటారు. అది జరగకూడదు. ఒక నోటు బొమ్మ కింద ఇది ఉతికిన నోటు అని రాసినా. పల్లెలు దాటి అనంతపురం వచ్చే లోపల ఆ మాట తీసేసినాడు. వానికి ఫోన్ చేసి తిట్టాలని నాలుక దురద పెట్టింది. చేయలేదు. తిడితే పారిపోతాడు. ఆ నోటు కొన్న ముసలాయన నా తండ్రి అని వానికి తెలీదు, నాకు తెలుసు, వాడు మళ్ళ నా వాకిట్లోకి వస్తాడు. అంతవరకూ నోరు మూసుకొని కూర్చోవాల. నాకు జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి పడలేదు.

రెండు నెలలు రాలేదు. నేను రోజూ వాకిలి చూస్తాంటి. పొయ్యి మీద గంజి కాస్తా వానిని ఎట్ల కాల్చాలా అని ఆలోచన చేస్తాంటి. శివరాత్రి పోయినాక వచ్చినాడు, చేతిలో పెద్ద కవరు. అనంతపురంలో ఒక కల్యాణమండపంలో పాత నోట్ల, నాణేల ప్రదర్శన ఉండాదంట, వచ్చే ఆదివారం. దండల ముచ్చట వాడు మరిచిపోయినాడు, అంగడి పెడతాండానక్కా అని వాడే చెప్పేసినాడు. ముప్పై నోట్లు, శనివారానికి కావాల, కూలి రెండింతలు ఇస్తానన్నాడు. మజ్జిగ తాగుతావా అప్పా అని అడిగినా. తాగినాడు.

నా ఆలోచన అప్పటికే పండింది. హారతికి ఎర్రనీళ్ళు కలిపే ఏ ఆడదానికైనా తెలిసిన సంగతే. పసుపు నీళ్ళలో రొంత సున్నం పడితే ఎర్రగా తిరుగుతాది. ముందు ఒక తెల్ల కాగితానికి చేసి చూసుకున్నా. గంజిలో పసుపు నీళ్ళు ఎంత కలపాలంటే, కాగితానికి పాతకాలపు రంగు వచ్చినట్ల ఉండాల గాని పసుపు అని తెలీకూడదు. నాలుగు సార్లు చెడిపోయింది, ఐదోసారి కుదిరింది. ఆ కాగితం మీద సున్నం తేట చిలకరిస్తే పెండ్లికూతురి పారాణి మాదిరి ఎర్రబడింది. నేను ఒక్కదాన్నే కూర్చోని నవ్వుకున్నా. మా ఆయన పట్టునూలు అమ్మే రేషం అంగడి నుంచి వచ్చి, ఏమయింది నీకు అని అడిగితే ఏం లేదన్నా.

ముప్పై నోట్లకూ అట్ల గంజి పెట్టినా. మా అత్త గుర్తొచ్చింది, ఆమెకు తెలిస్తే నన్ను కొట్టిండును, లేకపోతే నాతోపాటు కూర్చోని కలిపిండును, రెండిట్లో ఏదో ఒకటి. శనివారం వాడు వచ్చి నోట్లు వెలుతురుకు పెట్టి చూసి, ఈసారి బంగారంగా వచ్చినాయక్కా, ఏం కలిపినావు అన్నాడు. నా ప్రేమ కలిపినా అన్నా. వాడు నవ్వినాడు.

ఆదివారం నా పెట్టెలో ఉన్న మంచి చీర కట్టుకొని, గంజి చల్లే సీసాలో సున్నం తేట పోసుకొని అనంతపురం బస్సెక్కినా. మండపంలో జనం బాగానే ఉండారు. వరసగా బల్లలు, అద్దం పెట్టెలు, భూతద్దాలు పట్టుకొని వంగిన మనుషులు. వాని బల్ల నడిమధ్యలో, నల్ల మఖ్మల్ గుడ్డ మీద నా ముప్పై నోట్లు, ఒక్కోదాని ముందర చేతికి తగలనిది అని అచ్చు వేసిన చీటీ. నేను ఒక పక్కన నిలబడి వాని చుట్టూ పదిహేను మంది అయ్యేదాకా చూసినా. అప్పుడు ముందుకు పోయినా.

నన్ను చూసి వాని ముఖం ఒక్క క్షణం మారింది. మళ్ళ సర్దుకున్నాడు. రా అక్కా అన్నాడు. ఇవి నిజంగా చేతికి తగల్లేదా అని గట్టిగా అడిగినా. చుట్టూ కొనేవాళ్ళుండారు, వాడేం చేస్తాడు, తగల్లేదన్నాడు. నీళ్ళు గూడా తగల్లేదా. తగల్లేదు. గంజి, గింజి తగల్లేదా. అక్కా, ఖజానా కట్ట నుంచి నేరుగా తీసినవి అన్నాడు. ఆ మాట వాని నోట్లో నుంచి వచ్చినాక ఇంక ఆగలేదు. ముందు నా సంచిలోని పది రూపాయల నోటు తీసి బల్ల మీద పెట్టి చల్లినా. తడిసింది, అంతే. తర్వాత సీసా తిప్పి మఖ్మల్ గుడ్డ మీద ఈ చివర నుంచి ఆ చివరకు చల్లినా.

ముప్పై నోట్లూ ఎర్రబడినాయి. ముందు చుక్కలు చుక్కలుగా, తర్వాత కలిసిపోయి. భూతద్దాలు పట్టుకున్నవాళ్ళంతా బల్ల మీదికి వంగినారు. తడికి గంజి వదిలి, నేను అణిచిన మడతలన్నీ ఒక్కొక్కటే లేచి నిలబడినాయి. ఇవి ఉతికి, గంజి పెట్టి, పసుపు పూసిన నోట్లు, ఖజానా యాడుండాదో వీనికి తెలీదు అని నేను చెప్పినా. ఒకాయన తన జేబులోంచి వాని దగ్గర పోయిన నెల కొన్న నోటు తీసి దీన్నీ చూడమ్మా అన్నాడు. ఇంకొకాయన వాని చొక్కా పట్టుకున్నాడు. ఆహా, ఆ క్షణం ఎట్ల ఉండిందంటే, నేను ఆ క్షణాన్ని ఇప్పటికీ అన్నం తినేటప్పుడు తీసి చూసుకుంటా. వాని నోట్లో చక్కెర అంతా కరిగిపోయింది. ముఖాన చెమట. ప్రదర్శన పెట్టినవాళ్ళు వచ్చి బల్ల ఎత్తేయమన్నారు.

అప్పుడు వాడు నా వైపు వేలు చూపించినాడు. "ఇదంతా చేసింది ఈమెనే. అడగండి. ఏడాదిగా కూలి తీసుకొని చేస్తాండాది."

ఆ మాట వస్తాదని నాకు ఎప్పుడూ తోచలేదు. వానిని ఎట్ల పడేయాల అన్నదాంట్లో నేనూ అందులో ఉండాననేదే మరిచిపోయినా. అందరూ నన్ను చూసినారు. నా చేతిలో సీసా ఉండె. నేను నోరు తెరిచే లోపల వెనక నుంచి మాట వినపడింది.

"ఔను. ఆమె నా కూతురే."

నాయన. ఆల్బం రొమ్ముకు పట్టుకొని, దారిలో వాళ్ళను తప్పుకోమంటా ముందుకు వచ్చినాడు. ఆ కండ్లతో ఒక్కడే గుంతకల్లు నుంచి రైలెక్కి వచ్చినాడు, నాకు చెప్పలేదు. జనంలో ఇద్దరు ముగ్గురు ఆయనను గుర్తుపట్టి నమస్కారం పెట్టినారు. ఆయన ఆల్బం బల్ల మీద పెట్టి, ఆ పేజీ తెరిచి, భూతద్దం పట్టుకున్న ఒకాయనను పిలిచి కింద చీటీ గట్టిగా చదవమన్నాడు. ఆయన చదివినాడు.

"వెయ్యాల్సిన ధర కన్నా ముప్పై రెట్లు పోసి కొన్నది. ఉతికినది. గంజి పెట్టినది. ఎడమ అంచున రెండు సూది బెజ్జాలు పూడ్చినది. వట్టివేరు వాసన. చేసినది నా కూతురు."

సిరా పాతబడి ఉండాది. అప్పుడు రాసింది కాదు. నేను బాగుండాది అని చెప్పి వచ్చిన ఆదివారమే రాసినాడు.

తాను మోసపోయిన సంగతి ఆయనే చదివించేసరికి జనం నన్ను వదిలి మళ్ళ వాని వైపు తిరిగినారు. వాడు ఆ గందరగోళంలో మండపం వంటింటి తలుపు గుండా పోయినాడు. మఖ్మల్ గుడ్డ గూడా తీసుకోలేదు. ఇప్పుడు వేరే పేరుతో మళ్ళ అమ్ముతాండాడు, నేను రోజూ చూస్తా. ఖజానా వాసన అని ఇంకా రాస్తాండాడు. ఎవరు చేసి ఇస్తాండారో తెలీదు, తెలిసిన నాడు చెప్తా వాని సంగతి. నాయన లెన్సు దుడ్లు రాలేదు, రావు.

జనం పల్చబడినాక చూస్తే నాయన బల్ల మీద వంగి తడిసిన నోట్లు ఒక్కొక్కటే తీసి తన తుండుగుడ్డ మీద పరుస్తాండాడు. వేళ్ళకు ఎరుపు అంటింది. ఎంత మెల్లగా తీస్తాండాడంటే, నాకు భయమేసింది. ఇవేం చేసినాయి పాపా నిన్ను, అన్నాడు. వాడు అబద్ధం చెప్పినాడు, ఇవి చెప్పలేదు గదా. ముప్పైలో రెండు మూడు నిజంగానే అరుదైనవంట. ఆయన ఎన్నడూ చేతిలో పట్టుకోనివి.

మధ్యాహ్నం అనంతపురం స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. ఆయన రైలు ఒక వైపు, నాది ఇంకొక వైపు. ఇడ్లీ కొని ఇస్తే తినలేదు. అప్పుడు అడిగినా, ఆ పొద్దే తెలిస్తే యాల అడగలేదు నాయనా, యాల వాని దగ్గర దుడ్లు వెనక్కి అడగలేదు అని.

ఆయన రైలు పట్టాల వైపు చూస్తా మెల్లగా చెప్పినాడు. "ఆ పొద్దు తొడుగు తీయంగనే వాసన నీదని నాకు తెలిసె, నీకూ తెలిసె. అయినా నువ్వు బాగుండాదన్నావు. నువ్వూ వాడూ కలిసి చేస్తాండారనుకున్నా. అడిగితే ఔనంటావేమోనని అడగలేదు పాపా."

మూడు నెలలు. మూడు నెలలు మా నాయన తన కూతురు దొంగ అనుకుంటా అన్నం తిన్నాడు, పండుకున్నాడు, ఎవరో తెచ్చిన నోట్లు చూసి ఇది మంచిది ఇది చెడ్డది అని చెప్పినాడు. ఆయన పేరు కాపాడాలని నేను నోరు మూసుకొని కూర్చున్నాననుకుంటి. నా పేరు కాపాడాలని ఆయన కండ్ల దుడ్లు వెనక్కి అడగకుండా కూర్చున్నాడు. ఈ పొద్దు వచ్చింది గూడా యాలంటే, వాడు అంగడి పెడతాండానని ఫోన్లో వేసింది తమ్ముని భార్య చదివి చెప్పిందంట, వాని బల్ల మీద నోట్లకు వట్టివేరు వాసన ఇంకా వస్తాండాదా, నేను మానేసినానా లేదా చూసుకొని పోదామని. నాకు ఏడుపు వచ్చింది, ఆ బెంచీ మీదనే ఏడ్చినా, పక్కన ఎవరో బుట్టలు పెట్టుకున్న ఆమె చూస్తాంటే గూడా ఏడ్చినా. మొత్తం చెప్పినా. పెండ్లి దండలు, కుంకుడు రసం, అడగకుండానే పూడ్చిన బెజ్జాలు. ఆయన తల ఊపుతా విన్నాడు. బెజ్జాలు మాత్రం బాగా పూడ్చినావులే, నాకు వేలికి తగల్లేదు, భూతద్దం పెడితే గాని కనపడలేదు, ముందు ముక్కుకే తగిలింది అన్నాడు.

గుంతకల్లు రైలు వస్తాండాదని చెప్పినారు. నాయన ఆల్బం ఒళ్ళో పెట్టుకొని పెన్ను తీసినాడు. ఆ చీటీ చింపేయ్ నాయనా అన్నా. చింపడు, నాకు తెలుసు. కన్ను చీటీకి దగ్గరగా పెట్టి, చేసినది నా కూతురు అన్న చోట పక్కన ఒక్క మాట చేర్చినాడు. తెలియక.

తర్వాత తుండుగుడ్డలో నుంచి ఎర్రబడిన నోటు ఒకటి తీసి, ఇంకా తడి ఉండాదో లేదో చెంపకు ఆనించి చూసి, పక్క గడిలో పెట్టినాడు. కొత్త అట్టముక్క తీసినాడు. ఉతికినది. గంజి పెట్టినది. పసుపు, సున్నం. మరక పోదు. చేసినది నా కూతురు. అంతవరకూ రాసి ఆగి, నన్ను చూసినాడు.

తెలిసి అని రాయి నాయనా, అన్నా. రొంత పెద్దగా రాయి.

రాసినాడు.